ఆకాశంలో మబ్బు తునక లేదు, సముద్రం పొంగుతుందని మెసేజ్. నమ్మాలా?

ఉప్పాడ_అబ్బాయి
మాది ఉప్పాడ పక్కన. నా ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మానాన్న ఊళ్ళోనే ఉంటారు. ఇవాళ మధ్యాహ్నం ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక హెచ్చరిక తిరిగింది. రేపు రాత్రి 11:30 దాకా తీరంలో కెరటాలు ఉధృతంగా ఉంటాయంట. పడవలు దూరంగా లాగి కట్టుకోవాలంట, ఒకదానికొకటి గుద్దుకోకుండా ఎడం ఉంచాలంట.

నాన్నకి ఫోన్ చేశాను. బయటికెళ్ళి చూసొచ్చి నవ్వాడు. "మబ్బు లేదు, గాలి లేదు, ఎక్కడ్నించొస్తాదిరా సముద్రం?" వీడియో కాల్‌లో నాకూ చూపించాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎండ తప్ప ఏమీ లేదు.

వేట నిషేధం కదా, బోటు ఒడ్డునే ఉంది, ఇంజను విప్పేసి ఉంది. వలలు ఇంటి ముందు పరిచి బాగుచేసుకుంటున్నాడు. బోటు వెనక్కి లాగాలంటే పదిమంది కావాలి, వాళ్ళకి కూలో, కనీసం టీలో టిఫిన్లో. గతంలో రెండుసార్లు ఇలాగే మెసేజ్ వచ్చింది, ఏమీ కాలేదు. అందుకే ఆయన కదలనంటున్నాడు. తుఫాను లేదు, వర్షం లేదు, ఇలాంటప్పుడు సముద్రం పొంగుతుందా అసలు? తెలిసినవాళ్ళు చెప్పండి, ఆయన్ని ఒప్పించాలి.

గుంటూరు_కారం
ఫార్వర్డ్ మెసేజ్ అంటేనే సగం అబద్ధం. పోయినేడు మా గ్రూపులో ఇదే మెసేజ్ తేదీ మార్చి మూడుసార్లు తిప్పారు.

అమాయక_చక్రవర్తి
మీ నాన్నగారు చూసి చెప్పాక ఇంక మనమెందుకు? ఆయన ముప్పై ఏళ్ళుగా సముద్రాన్ని చూస్తున్నాడు. మనం మహా అయితే ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు తింటూ చూశాం.

సరంగు_కొడుకు
గుంటూరు, తొందరపడకు. మెసేజ్‌లో టైము 11:30 అని ఉందంటే అది పద్ధతి ప్రకారం వచ్చిందే కావచ్చు. సముద్రం హెచ్చరికలు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళు అలాగే ఇస్తారు, రాత్రి 11:30 వరకు అనో, సాయంత్రం 5:30 వరకు అనో. వాళ్ళ సైట్లో జిల్లాలవారీగా ఉంటుంది, చూసుకో.

మా నాన్న వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో సరంగు, అంటే బోటు నడుపుతాడు. ఆయనా మొదట్లో ఇలాంటివాటిని లెక్కచేసేవాడు కాదు. ఇప్పుడు పొద్దున లేవగానే అదే అడుగుతాడు.

అమాయక_చక్రవర్తి
ఆ ఇన్‌కాయిస్ ఎక్కడుందో తెలుసా? హైదరాబాద్ ప్రగతినగర్‌లో. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం సంగతి చెబుతున్నారు 😂 అబ్బాయ్, నువ్వూ హైదరాబాద్‌లోనే ఉన్నావుగా, వెళ్ళి తలుపు కొట్టి అడుగు.

లెక్కల_పిచ్చి
నవ్వులాటకి బానే ఉంది కానీ, 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వెళ్తున్నాయి. సముద్రంలో తేలుతూ కొలిచే బోయాలు, తీరంలో పోటు కొలిచే పరికరాలు, పైన శాటిలైట్లు. ఆ లెక్కలన్నీ దూరం నుంచే అందుతాయి, ఇసక మీద కూర్చుంటే రావు. అయినా ఒడ్డున ఆఫీసు పెడితే ఉప్పెనకి ముందు పోయేది అదే.

గుంటూరు_కారం
సరే, మెసేజ్ నిజమే అనుకుందాం. మబ్బు లేకుండా ఎలా వస్తుంది? మబ్బు సముద్రంలోంచి నీళ్ళు తాగితేనే కదా వాన, గాలి, తుఫాను? మా మేనమామ యానాం దగ్గర కళ్ళారా చూశాడు, మబ్బులోంచి ఏనుగు తొండంలాంటిది దిగి నీళ్ళు పీల్చుకోవడం. పేపర్లో ఫోటో కూడా వేశారు.

మబ్బుల_మాస్టారు
ముందు ఈ తొండం సంగతి తేలుద్దాం. నేను ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను, ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగేవాళ్ళు.

మీ మేనమామ గారు చూసింది నిజమే. కానీ ఆ తొండంలో కనబడేది సముద్రంలోంచి పీల్చిన నీళ్ళు కాదు, అది కూడా మబ్బే. గాలి గిర్రున తిరిగేచోట మధ్యలో ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది, చల్లబడితే అందులో కంటికి కనబడకుండా ఉన్న నీటి ఆవిరి చిన్న చిన్న తుంపరలుగా మారుతుంది. అదే మీకు తెల్లటి గొట్టంలా కనబడేది. అడుగున కొన్ని మీటర్ల ఎత్తున మాత్రం గాలికి లేచిన సముద్రపు తుంపర ఉంటుంది. మబ్బు నిజంగానే సముద్రాన్ని తాగితే వాన ఉప్పగా పడాలిగా? ఎప్పుడైనా పడిందా?

ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. అడుగున రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు పోయండి. వెలిగించిన అగరబత్తిని మూతి దగ్గర పెట్టి, సీసాని ఒకసారి నొక్కి వదిలితే కొంచెం పొగ లోపలికి పోతుంది. మూత బిగించి, రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టుకుని, ఒక్కసారిగా వదలండి. లోపల తెల్లగా మబ్బు పడుతుంది. మళ్ళీ నొక్కితే మాయం. వదిలితే మళ్ళీ వస్తుంది. ఆకాశంలో జరిగేదీ ఇదే, సీసా పెద్దది, అంతే.

పిండి_మర
మాస్టారూ, అగరబత్తి ఎందుకు? దేవుడి సహాయం కూడా కావాలా మబ్బుకి?

మబ్బుల_మాస్టారు
దేవుడి సంగతేమో కానీ దుమ్ము సహాయం కావాలి. ఆవిరి తనంతట తాను చుక్కగా మారలేదు, పట్టుకుని కూర్చోవడానికి ఏదో ఒక రేణువు దొరకాలి. పొగ, దుమ్ము, సముద్రపు తుంపర ఎండిపోతే మిగిలే ఉప్పు రవ్వ, ఏదైనా సరే. 1880ల్లో స్కాట్లండ్‌లో జాన్ అయిట్కెన్ అనే ఆయన దీన్ని చూపించాడు. దూదితో వడగట్టిన గాలిని పాత్రలో నింపి ఆవిరి పంపితే మబ్బు పట్టలేదు, మామూలు గాలి నింపితే పట్టేసింది. మీరూ అగరబత్తి లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి చేసి చూడండి.

మన తీరంలో ఉప్పు రవ్వలకి కరువా. కెరటం విరిగిన ప్రతిసారీ గాలిలోకి లేస్తూనే ఉంటాయి. తలుపు గొళ్ళాలు తుప్పు పట్టేది వాటి వల్లే, మబ్బు పట్టేదీ వాటి వల్లే.

లెక్కల_పిచ్చి
ఒక చిన్న లెక్క. మబ్బులోని చుక్క అడ్డుకొలత సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాన చుక్క సుమారు 2 మిల్లీమీటర్లు. అంటే నూరు రెట్లు. ఘనపరిమాణంలో నూరు × నూరు × నూరు. పది లక్షల మబ్బు చుక్కలు కలిస్తే ఒక వాన చుక్క. అందుకే మబ్బు పట్టిన ప్రతిసారీ వాన పడదు.

ఇంకొకటి. పొడవు, వెడల్పు, ఎత్తు కిలోమీటరు చొప్పున ఉన్న తెల్ల మబ్బులో ఘనమీటరుకి అర గ్రాము నీరు ఉందనుకుంటే మొత్తం 500 టన్నులు. ఏనుగు అయిదు టన్నులనుకోండి, నూరు ఏనుగులు.

అమాయక_చక్రవర్తి
తొండం లేదన్నారు, ఇప్పుడు ఏకంగా నూరు ఏనుగులు ఎక్కించారు.

గుంటూరు_కారం
అంత బరువు మరి కింద పడదేం?

లెక్కల_పిచ్చి
పడుతూనే ఉంటుంది. అంత చిన్న చుక్క సెకనుకి ఒక సెంటీమీటరు దిగుతుంది. కింద నుంచి లేచే గాలి అంతకంటే వేగంగా పైకి తోస్తుంది. ఎండ పడ్డ గదిలో దుమ్ము తేలుతూ ఉంటుంది చూడు, అలా.

ఉప్పాడ_అబ్బాయి
మాస్టారూ, బాగా చెప్పారు, కానీ నా గోల మబ్బు ఎందుకు *లేదు* అని. అంత ఉక్కపోత ఉంది అక్కడ. అమ్మ మజ్జిగ గ్లాసు పెడితే గ్లాసు చుట్టూ నీళ్ళు కారిపోతున్నాయంట. గాలిలో అంత తేమ ఉండి ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోవడం ఏంటి?

మబ్బుల_మాస్టారు
గ్లాసు భలే దొరికింది. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ పోస్తే గ్లాసు గోడ చల్లగా ఉంటుంది, దాన్ని తాకిన గాలీ చల్లబడుతుంది, చల్లటి గాలి అంత ఆవిరిని పట్టుకోలేదు కాబట్టి మిగిలింది గ్లాసు మీద చెమటలా దిగుతుంది. ఆకాశంలో గ్లాసు లేదు కాబట్టి గాలి పైకి లేచి చల్లబడాలి. కిలోమీటరు లేస్తే దాదాపు పది డిగ్రీలు చల్లబడుతుంది. తేమ ఎంత ఉన్నా గాలిని పైకి లేపేది ఏదీ లేకపోతే మబ్బు రాదు.

మీ ఊళ్ళో మధ్యాహ్నం సముద్రం మీది నుంచి గాలి వస్తుంది కదా. అది నేల మీదికి పోయాక వేడెక్కి, లోపలి ఊళ్ళ దగ్గర లేస్తుంది. మబ్బులు అక్కడ పడతాయి. సముద్రం మీద గాలి కిందికి దిగుతూ ఉంటుంది, దిగే గాలి వేడెక్కుతుంది, మబ్బుని ఉండనివ్వదు. నాన్నగారిని వెనక్కి తిరిగి పడమర చూడమనండి. సాయంత్రం అటు దూదిపింజల వరస కనబడొచ్చు.

లెక్కల_పిచ్చి
మాస్టారూ క్షమించాలి, గాలి ఆవిరిని "పట్టుకోవడం" అనేది తప్పు మాట. గాలి సంచి కాదు. గాలి లేకపోయినా ఆ వేడికి ఆవిరి అంతే ఉంటుంది. ఎప్పుడూ కొన్ని అణువులు నీటిలోంచి లేస్తుంటాయి, కొన్ని తిరిగి దిగుతుంటాయి. చల్లబడితే లేచేవి తగ్గి దిగేవే ఎక్కువవుతాయి, అప్పుడు చుక్క పెరుగుతుంది. అంతే.

మబ్బుల_మాస్టారు
నువ్వు చెప్పిందే సరి. కానీ తొమ్మిదో తరగతి పిల్లల ముందు "అణువుల రాకపోకలు" అని మొదలుపెడితే ఏమవుతుందో నాకు అనుభవం ఉంది నాయనా. వాళ్ళు కిటికీలోంచి నిజం మబ్బులు చూస్తారు.

లెక్కల_పిచ్చి
😄 ఒప్పుకుంటున్నా. మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో మాత్రం చెప్పేసి పోతా. గాలి ఉష్ణోగ్రతలోంచి, ఆవిరి చుక్కగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) తీసేసి, ప్రతి డిగ్రీకి 125 మీటర్లు వేసుకోండి. తీరంలో 33, 26 అనుకుంటే తేడా 7, మబ్బు అడుగు 875 మీటర్ల దగ్గర. హైదరాబాద్ మే నెలలో 41, 14 అనుకుంటే 27 డిగ్రీల తేడా, మూడు కిలోమీటర్లు దాటుతుంది. వేసవిలో హైదరాబాద్ మబ్బులు అంత అందనంత ఎత్తులో ఉండేది అందుకే.

కొచ్చిన్_కోడలు
మబ్బుల క్లాసు బాగుంది కానీ అసలు ప్రశ్న గాలికి పోతోంది. ఉప్పాడ తమ్ముడూ, బోటు లాగించు. నేను చెప్పేది విను.

మాది భీమవరం, పెళ్ళయ్యాక కేరళలో ఉంటున్నాను. ఇక్కడ వేసవిలో ఇలాంటిది మామూలే. దీనికి పేరే ఉంది, కళ్ళక్కడల్. అంటే దొంగ సముద్రం. దొంగలాగే వస్తుంది, మబ్బు లేకుండా, గాలి లేకుండా, చప్పుడు చెయ్యకుండా. మొదటిసారి చూసినప్పుడు నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నా. ఎండ మాడ్చేస్తోంది. కింద వీధిలో ఎవరో అరుస్తున్నారు. తొంగి చూస్తే వీధిలోకి నీళ్ళు వచ్చి, మా ఎదురింటి వాళ్ళ చెప్పుల స్టాండు తేలిపోతోంది. వానా లేదు, గాలీ లేదు. చేతిలో తడిబట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

2024 మే మొదట్లో కేరళకీ తమిళనాడుకీ ఇదే హెచ్చరిక ఇచ్చారు. బీచ్‌లకి పోవద్దన్నారు.

గుంటూరు_కారం
గాలి లేకుండా అల ఎలా పుడుతుంది అక్కా?

సరంగు_కొడుకు
గాలి ఉంది. మన దగ్గర కాదు. హిందూ మహాసముద్రంలో కింద, అంటార్కిటికా వైపు, వారం క్రితం పెద్ద గాలివాన కొట్టి ఉంటుంది. దాని కెరటాలు ఇప్పుడు చేరుతున్నాయి.

లెక్కల_పిచ్చి
ఇది కూడా లెక్కకి వస్తుంది. ఒక కెరటం శిఖరానికీ తరవాతి శిఖరానికీ మధ్య 16 సెకన్లు ఉందనుకోండి. లోతు సముద్రంలో అలాంటి కెరటాల గుంపు గంటకి 45 కిలోమీటర్లు పోతుంది. రోజుకి వెయ్యి పైచిలుకు. దక్షిణాన 45 డిగ్రీల అక్షాంశం నుంచి కాకినాడ దాకా దాదాపు ఏడువేల కిలోమీటర్లు. ఆరేడు రోజుల ప్రయాణం. అందుకే ముందే చెప్పగలుగుతున్నారు, మొదట అది అక్కడ బయల్దేరింది కాబట్టి.

రెండు శిఖరాల మధ్య దూరం 400 మీటర్లు. ఎత్తు మీటరో మీటరున్నరో. అలాంటి కెరటం మీద బోటులో ఉన్నవాడికి లేచింది, దిగింది అని కూడా తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి అదే కెరటం నెమ్మదిస్తుంది, వెనకది దగ్గరికి వస్తుంది, నిలువుగా లేస్తుంది.

సరంగు_కొడుకు
నిజం. మా నాన్న అంటాడు, సముద్రంలో ఏమీ తెలియలేదు, తీరా హార్బర్ మొగలోకి వచ్చాక బోటు ఎత్తి కుదేసింది అని. మామూలు గాలి కెరటం టపటపా కొట్టి పోతుంది. ఇది అలా కాదు, ఒకసారి ఎక్కితే ఆగకుండా ఎక్కుతూనే ఉంటుంది. వెనక్కి పోయేటప్పుడు ఇసకని పట్టుకుపోతుంది. ఉప్పాడ రోడ్డు ఎన్నిసార్లు కోతకి పోయిందో అందరికీ తెలిసిందే.

అబ్బాయ్, ఇంకో మాట. మెసేజ్‌లో కెరటం ఎత్తు ఇచ్చి ఉంటే అది గరిష్ఠం అనుకోవద్దు. వచ్చే కెరటాల్లో పెద్దవి మూడోవంతు తీసి వాటి సగటు చెబుతారు. మధ్యలో ఒకటీ అరా దాదాపు రెట్టింపు కూడా వస్తాయి. బోటుని గుద్దేది ఆ ఒకటే.

ఉప్పాడ_అబ్బాయి
ఆరు రోజుల క్రితం అంటార్కిటికా వైపు గాలి వేసిందని చెబితే నాన్న నన్ను ఊరికి రానివ్వడు.

అమాయక_చక్రవర్తి
పౌర్ణమి అని చెప్పు, నమ్ముతాడు.

ఉప్పాడ_అబ్బాయి
నిన్ననే పౌర్ణమి!

మబ్బుల_మాస్టారు
అమాయకం నవ్వులాటకి అన్నా అసలు పాయింటు అదే. పెద్ద పోటు సరిగ్గా పౌర్ణమి రోజే రాదు, పాడ్యమి, విదియల్లో వస్తుంది. రేపు విదియ. కెరటం ఎంత వచ్చినా పాటులో, అంటే నీళ్ళు తగ్గిన వేళ, వస్తే ఇసక మీదే ఆగుతుంది. నిండు పోటు మీద వస్తే వీధిలోకి వస్తుంది. మీ నాన్నగారికి పోటు వేళ నాకంటే బాగా తెలుసు, ఆయన్నే అడుగు. "రేపు రాత్రి పోటు ఎన్నింటికి, ఎక్కడిదాకా వస్తుంది?" అని. దానికి ఇంకో మీటరు కలిపి ఆలోచించుకోమను.

ఎడిసన్_ఎన్నారై
ఇక్కడ న్యూజెర్సీలో పౌర్ణమి వస్తే చాలు, తీరం ఊళ్ళకి వరద హెచ్చరిక వస్తుంది. మూడు మెట్లు ఉంటాయి. అడ్వైజరీ అంటే రోడ్ల మీద నీళ్ళు, కారు పాడవచ్చు. వాచ్ అంటే పెద్దది రావచ్చు, సిద్ధంగా ఉండండి. వార్నింగ్ అంటే వచ్చేసింది, లేదా వచ్చేస్తోంది, కదలండి. కొత్తలో వచ్చినప్పుడు నేను వాచ్ అంటే వెళ్ళి చూడమన్నారేమో అనుకున్నా 🙈

2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను వచ్చిన రోజు కూడా పౌర్ణమే. పోటు మీద ఉప్పెన పడింది. మా ఆఫీసు కొలీగ్ ఇంట్లో మెట్ల దాకా నీళ్ళు, కారు కొట్టుకుపోయి పక్క వీధిలో తేలింది.

గుంటూరు_కారం
అయితే మబ్బుకీ సముద్రం పొంగడానికీ సంబంధం లేదన్నమాట. మరి తుఫాను ఉప్పెన సంగతేంటి?

మబ్బుల_మాస్టారు
అక్కడ మాత్రం సంబంధం ఉంది, అదీ చాలా గట్టిది. నీరు ఆవిరి కావడానికి వేడి తాగుతుంది. ఆ వేడి పోదు, ఆవిరిలో దాక్కుని పైకి వెళ్తుంది. మళ్ళీ చుక్కగా మారినప్పుడు బయటికి వస్తుంది. ఒక లీటరు నీరు మబ్బుగా మారితే వచ్చే వేడితో ఆరు లీటర్ల మంచునీళ్ళు మరిగించొచ్చు. బంగాళాఖాతం పైపొర 26, 27 డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటే ఆ ఆవిరి అంతూ పొంతూ లేకుండా అందుతుంది. మబ్బులో విడుదలైన వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద ఒత్తిడి పడిపోతుంది, చుట్టుపక్కల గాలి లోపలికి దూరుతుంది, అదీ తేమే. తుఫానుకి పొయ్యి మబ్బే అనుకో.

ఒత్తిడి ఒక్క మిల్లీబార్ తగ్గితే సముద్రమట్టం ఒక సెంటీమీటరు లేస్తుంది. పెద్ద తుఫాను మధ్యలో 60 మిల్లీబార్లు తగ్గిందనుకో, 60 సెంటీమీటర్లు. అది చిన్న వాటా. మిగతాదంతా గాలి నీటిని ఒడ్డుకి నెట్టడం వల్లే. తీరంలో లోతు తక్కువైతే ఆ నీళ్ళు వెనక్కి పోయే దారి లేక పైకి లేస్తాయి. విశాఖ దగ్గర సముద్రం త్వరగా లోతవుతుంది, 2014 హుద్‌హుద్ అంత గాలి కొట్టినా ఉప్పెన మీటరున్నర లోపే. కృష్ణా, గోదావరి డెల్టాల ముందు లోతు తక్కువ, నేలా పల్లం.

హంసలదీవి_మనవరాలు
మాది దివిసీమ. 1977 నవంబర్ 19. మా నాయనమ్మ ఆ సంగతి మాట్లాడదు. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక్కసారి చెప్పింది. పొద్దుట్నుంచీ చీకటే, వాన, గాలి. జనం గాలికి భయపడ్డారు, పెంకులు ఎగురుతున్నాయని తలుపులు బిగించుకుని లోపలే కూర్చున్నారు. నీళ్ళు వస్తాయని ఎవరూ అనుకోలేదు. సాయంత్రం ఒక చప్పుడు వినిపించిందంట, రైలు వస్తున్నట్టు. మా ఊరికి రైలు లేదు.

పదివేల మందికి పైగా పోయారు. అయిదు మీటర్ల నీళ్ళు. మా ఇంట్లో బియ్యం బస్తా ఇప్పటికీ నేల మీద పెట్టనివ్వదు, అటక మీదే. మేము కొత్త ఇల్లు కట్టినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, మేడ మీదికి మెట్లు ఇంటి లోపల నుంచి ఉండాలని.

తమ్ముడూ, లాగించెయ్. అయితే పదిమంది టీ ఖర్చు.

లెక్కల_పిచ్చి
దివిసీమకే అంత దెబ్బ ఎందుకు తగిలిందంటే, తుఫాను దాటింది చీరాల వైపు, దివిసీమ దానికి కుడిపక్కన పడింది. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, కాబట్టి అది పోయే దిశకి కుడిపక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది. ఎడమపక్కన నేల నుంచి సముద్రంలోకి కొడుతుంది, అక్కడ నీళ్ళు వెనక్కి కూడా పోతాయి.

పోర్టుల్లో ఎగరేసే నంబర్లలో కూడా ఇదే ఉంది. టీవీలో "ఐదో నంబరు నుంచి ఏడో నంబరుకి పెరిగింది" అని కంగారు పెడతారు. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం. 5 అంటే తుఫాను ఈ పోర్టుని తన ఎడమకి వదిలి పోతుంది, 6 అంటే కుడికి, 7 అంటే నెత్తి మీదుగానో పక్కనుంచో. 8, 9, 10 కూడా అలాగే, ఇంకా తీవ్రమైన తుఫానుకి. 11 అంటే కబురు తెగిపోయింది, మీ బాధ మీదే.

సరంగు_కొడుకు
ఇన్నేళ్ళు హార్బర్ పక్కన పెరిగాను, ఆరుకీ ఐదుకీ ఆ తేడా నాకు ఇవాళే తెలిసింది. ఒకటో నంబరు పడితే స్కూలు సెలవు రాదు, మూడు పడితే రావచ్చు, మాకు తెలిసింది అంతే.

పిండి_మర
సీసా ప్రయోగం చేశా. మబ్బు రాలేదు. మా ఆవిడ వచ్చింది. పూజ అగరబత్తి ఎందుకు తీశావని.

మబ్బుల_మాస్టారు
నీళ్ళు మరీ వేడిగా పోసి ఉంటావు, సీసా గోడలన్నీ ఆవిరితో మసకబారి లోపల కనబడదు. గోరువెచ్చగా చాలు. వెనక నల్ల గుడ్డ పెట్టి చూడు.

ఉప్పాడ_అబ్బాయి
అప్‌డేట్. నిన్న రాత్రి మాస్టారు చెప్పినట్టే అడిగాను. అంటార్కిటికా ఎత్తలేదు. "నాన్నా, రేపు విదియ కదా, పోటు ఎందాకా వస్తాది?" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "చింతచెట్టు కింద వరకూ రావచ్చు" అన్నాడు. బోటు ఆ చెట్టుకి ఇవతల ఉంది. "దానికి మీద కెరటం తోడైతే?" అన్నా. ఫోన్ పెట్టేశాడు. పొద్దున అమ్మ చెప్పింది, ఆరింటికే వెళ్ళి కుర్రాళ్ళని పోగుచేశాడంట. బోటు రోడ్డు అవతలకి లాగించాడు. వలలు మాత్రం అక్కడే ఉన్నాయి, ఎండకి ఆరాలంట.

కొచ్చిన్_కోడలు
వలలు కూడా తియ్యమను!!

ఉప్పాడ_అబ్బాయి
రాత్రి 9:40కి వచ్చింది. అమ్మ ఫోన్లో చెబుతుంటే వెనక చప్పుడు వినిపిస్తోంది. గాలి లేదు, పైన చందమామ, వెన్నెల్లో తెల్లగా వీధి మొదట్లో దాకా నీళ్ళు వచ్చి వెనక్కి పోతున్నాయంట. చింతచెట్టు మొదలు మునిగింది. మా గుమ్మం దాకా రాలేదు. పక్కింటి వాళ్ళ బోటు లాగలేదు, అది తిరగబడి ఇంకో బోటుని గుద్దింది. అంచు పగిలింది. మనుషులకి ఎవరికీ ఏం కాలేదు.

వలల్లో ఒకటి పోయింది. రెండోది తెల్లారి అరకిలోమీటరు అవతల కంపల్లో దొరికింది, నిండా ఇసక, చెత్త. నాన్న కూర్చుని ఒక్కో కన్నూ దులుపుతున్నాడు. నన్ను మాత్రం ఏమీ అనలేదు.

గుంటూరు_కారం
నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఫార్వర్డ్‌ల సంగతి మాత్రం అంతే. అసలైన చోట చూసుకోకుండా ఎలా నమ్ముతారు? మా అత్తగారికి నిన్న "సునామీ వస్తోంది, పసుపు నీళ్ళు తాగండి" అని వచ్చింది.

సరంగు_కొడుకు
ఫోన్‌లో సచేత్ యాప్ వేసుకో, హెచ్చరికలు నేరుగా వస్తాయి. పిడుగులకి దామిని. ఇవి రెండూ ఉంటే అత్తగారి గ్రూపు అక్కర్లేదు.

ఉప్పాడ తమ్ముడూ, నాన్నగారికి ఇంకోటి చెప్పు. మొన్న రెండుసార్లు "ఏమీ కాలేదు" అన్నావు కదా, అప్పుడు తిథులు ఏంటో చూడమను. కెరటం వచ్చే ఉంటుంది, పాటు మీద వచ్చి ఉంటుంది.

ఉప్పాడ_అబ్బాయి
అడిగాను అన్నా. ఒకటి అష్టమి నాడు వచ్చింది, పోటు చిన్నగా ఉండే రోజు. రెండోది ఆయనకి గుర్తులేదు. ఇందాక ఫోన్ చేసి, "ఆ మెసేజ్‌లో సెకన్లు కూడా వేస్తారంట కదా, ఈసారి వచ్చినప్పుడు ఎన్ని సెకన్లో చూసి చెప్పు" అన్నాడు. ఈ సెకన్ల సంగతి ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు, నేనైతే చెప్పలేదు.

పిండి_మర
మబ్బు వచ్చింది మాస్టారూ!! నల్ల చీర వెనక పెట్టి చూశా. చీర ఎవరిదని అడగొద్దు.